పగటికలలు ఎంతవరకు మేలు?

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం” అని సామెత. పగటికలలు కనువానిని చూచి నవ్వుటకు లోకము ఈ మాటను వాడుచున్నది. కాని కొందరి విషయమున ఇది నవ్వవలసిన సంగతి కాదు.

భిలాయి ఉక్కు కర్మాగారమున తొలి బ్లాస్టు ఫర్నేసు 1959లో ప్రారంభమైనది. అటుపిమ్మట ఆ ఉక్కుపట్టణమున అనేక తెలుగు కుటుంబములు స్థిరపడినవి. అచ్చటి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో పనిచేయు యువకుడు, స్వగ్రామమునకు దూరముగా ఒంటరిగా నున్నపుడు, తాను కట్టబోవు ఇంటిని ఊహించుకొనుట సహజము. అట్టి ఊహ అలసటను మరపించును. దానిని తప్పుపట్టరాదు.

అయితే గంటల తరబడి ఊహలలోనే యుండుట, అందువలన నిద్రయు పనియు చెడుట, తోటివారితో మాటలు తగ్గుట, మానవలెనని తలచినను మానలేకుండుట అపాయ సూచనలు. ఇట్టి స్థితిని 2002లో ఇజ్రాయేలు మనస్తత్త్వవేత్త ఎలీ సోమర్ ప్రత్యేకముగా వర్ణించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీనికి ప్రత్యేక స్థానము లేకున్నను, బాధ నిజమైనదే. ఇది మతిభ్రమణము కాదు; తాను చూచునది ఊహయేనని ఆ మనిషికి తెలియును. పెక్కుమందిలో దీనితోపాటు ఆందోళన, దిగులు, ఏకాగ్రత లోపము కూడ కనిపించును. కొలిమి యెదుట, క్రేను క్రింద క్షణకాలపు పరధ్యానమైనను ప్రాణాంతకము కావచ్చును.

ఇంటిపెద్దలు కొందరు ఇట్టివానిని సోమరి యని నిందింతురు. మరికొందరు పెండ్లి చేసిన కుదురుకొనునందురు. రెండును పొరపాటే. నిందవలన సిగ్గు పెరుగును. సిగ్గుపడినవాడు మరల ఊహలనే ఆశ్రయించును. పెండ్లి చికిత్స కాదు. దానివలన మరియొకరి జీవితమును చిక్కున పడవచ్చును.

చేయవలసినది వేరు. ఏ వేళలో, ఏ కారణమున, ఎంతసేపు ఊహలు కలుగుచున్నవో వ్రాసికొనవలెను. పాటలు వినుచు పచార్లు చేయుటవలన అవి పెరుగుచున్నచో ఆ అలవాటు తగ్గించవలెను. వేళకు నిద్రించవలెను. ఇంటిని గూర్చి కలలు కనువాడు నెలకు కొంత సొమ్ము తపాలా కార్యాలయమున దాచుట మేలు. ఇంటివారు నిందింపక, ఓపికతో వినవలెను.

అప్పటికిని అదుపు కానిచో మానసిక వైద్యుని చూడవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే మాటలాడవచ్చును. జ్వరమునకు మందు కోరుటలో లేని సిగ్గు ఇందులో నేల?