మాస్టారి ముచ్చట్లు: ఇరవై టన్నుల మిడత



మా నల్లపాడులో మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజులు. ఒక సాయంత్రం మా ఎదురింటి కుర్రవాడు ముఖం వేలాడేసుకుని వచ్చి మా అరుగుమీద కూచున్నాడు. వాడికి పధ్నాలుగేళ్ళు. బక్కపలచని మనిషి.

"ఏమిరా, అలా వున్నావు?" అన్నాను.

"తాతయ్యా, మా జట్టువాళ్ళు నన్ను తీసేస్తామంటున్నారు. ప్రతి ఆటలోనూ ముందు చచ్చేది నేనేనట. నాన్ననడిగి డబ్బు కట్టి పెద్ద మెక్‌ కొనుక్కోమంటున్నారు," అన్నాడు.

వాళ్ళ కాయలు ఇంకా గుంటూరు యార్డుకు చేరలేదు. ధర ఎంత పలుకుతుందో తెలియదు. అలాంటప్పుడు తండ్రిని డబ్బు అడగరాదని వాడికీ తెలుసు. అందుకే నా దగ్గరికి వచ్చాడు.

నాకు ఆ ఆట తెలియదు. "ముందు నాకు చూపించు," అన్నాను. వాడు వాళ్ళ అన్నయ్య కంప్యూటరు తెచ్చి పెట్టాడు.

మెక్‌ అంటే మనిషి లోపల కూచుని నడిపే యుద్ధయంత్రం. రెండు కాళ్ళమీద నడుస్తుంది. ఇలాంటి యంత్రాల కథ 1984లో అమెరికాలో బల్లమీద ఆడే ఆటగా మొదలయింది. దాన్నిబట్టి కెనడావాళ్ళు తయారుచేసిన "మెక్‌వారియర్ ఆన్‌లైన్" అనే కంప్యూటరు ఆట 2013లో వచ్చింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఎవరి ఇంట్లో వాళ్ళు కూచుని, జట్టుకు పన్నెండుమంది చొప్పున తలపడతారు. ఇందులో 20 నుంచి 35 టన్నుల దాకా వుండేవి తేలిక మెక్‌లు. 80 నుంచి 100 టన్నులవి అన్నిటికన్నా బరువైనవి. మనవాడిది 20 టన్నుల "లోకస్ట్". ఆ మాటకు మిడత అని అర్థం. వాడు కోరేది 100 టన్నుల "అట్లాస్".

నేను మూడు ఆటలు చూశాను. మూడింటిలోనూ వాడు చేసినది ఒకటే. గంట కొట్టగానే అందరికన్నా ముందు పరుగెత్తి, బట్టబయట, తిన్నగా అట్లాస్‌కు ఎదురుపోయాడు. మూడుసార్లూ నిమిషంలో నేలకూలాడు.

"ఒరేయ్, నువ్వు మిడతమీద ఎక్కి ఏనుగులా నడుస్తున్నావు," అన్నాను.

మా వూరు రైలు జంక్షను. గుంతకల్లు వైపూ, నడికుడి వైపూ లైన్లు ఇక్కడే విడిపోతాయి. నిండు గూడ్సు బండి వేగం అందుకోవాలన్నా, ఆగాలన్నా ఎంతసేపు పడుతుందో వాడు రోజూ చూస్తూనే వున్నాడు. బరువు పెరిగినకొద్దీ కదలికను మార్చటం కష్టం. ఇది న్యూటన్ చెప్పిన సంగతే. బరువు తక్కువైనవాడు చటుక్కున తిరగగలడు, చటుక్కున ఆగగలడు. అదే వాడి కవచం.

తరవాత సుద్దముక్క తీసి అరుగుమీద లెక్క వేశాను. లోకస్ట్ మామూలు ఇంజనుతో గంటకు సుమారు 130 కిలోమీటర్లు పోతుంది. అంటే సెకనుకు 36 మీటర్లు. శత్రువు చుట్టూ 400 మీటర్ల దూరంలో తిరిగితే ఒక చుట్టు 2,500 మీటర్ల పైచిలుకు. అది పూర్తికావటానికి 70 సెకన్లు పడుతుంది. అదే 50 మీటర్ల దూరంలో తిరిగితే చుట్టు 314 మీటర్లే. 9 సెకన్లలో అయిపోతుంది.

"ఇప్పుడు చెప్పు, తుపాకి పట్టినవాడికి ఎవడిమీద గురి నిలపటం తేలిక?"

"దూరంగా తిరిగేవాడిమీద," అన్నాడు వాడు. ఆ మాట అంటూనే వాడి కళ్ళు పెద్దవయినాయి. దూరంగా వుంటే క్షేమమని వాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు!

అయితే ఈ లెక్కకు ఒక షరతు వుంది. అవతలివాడు ఒంటరిగా చిక్కాలి. పక్కన మరొకడుంటే, ఒకడి చుట్టూ తిరిగేవాణ్ణి రెండోవాడు తాపీగా కొడతాడు. ఎప్పుడూ ఒకే వైపుకు తిరగరాదు. కాళ్ళు మరీ జాగ్రత్త. ఒక కాలు పోతే వేగం పోతుంది, రెండోది పోతే ఆట అయిపోతుంది. ఆయుధాలు అదేపనిగా పేల్చినా ప్రమాదమే. యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. శత్రువుల మధ్య ఆగిన మిడత బతకదు.

"మరి అంతదాకా నేనేం చెయ్యాలి?"

"చూడాలి," అన్నాను. ఆ ఆటలో ఒకడు గుట్టచాటునుంచి శత్రువును గుర్తించి పట్టుకుంటే, వాడి జాడ జట్టు అందరికీ కనిపిస్తుంది. పదకొండుమందికి కళ్ళు అవటం చిన్న పనా? చెడుగుడులో కూతకు వెళ్ళినవాణ్ణి చూడండి. ఏడుగురి మధ్యకు ఒక్కడే వెళతాడు. ఒకణ్ణి తాకి, కూత ఆగకుండా తిరిగి గీత చేరితేనే పాయింటు. తాకి అక్కడే పట్టుబడినవాడి ధైర్యం జట్టుకు పనికిరాదు. వెళ్ళటం సగం పని, తిరిగి రావటం మిగతా సగం.

ఈ మాట చెబుతూ వుంటే నా తప్పు ఒకటి నాకు జ్ఞాపకం వచ్చింది. బడిలో చెడుగుడు జట్లు కట్టేటప్పుడు నేను ఎప్పుడూ లావుపాటి పిల్లలనే ముందు పిలిచేవాణ్ణి. బక్కవాళ్ళు గట్టుమీద కూచుని చొక్కాలు కాపలా కాసేవాళ్ళు. వాళ్ళలో ఎంతమంది మంచి కూతగాళ్ళున్నారో నేను ఒక్కనాడూ చూడలేదు. బరువు చూశాను గాని పని చూడలేదు.

మరునాడు మనవాడు మళ్ళీ ఆడాడు. మొదట పరుగెత్తలేదు. గుట్ట వెనక నక్కి, శత్రువులు ఏ దారిన వస్తున్నారో జట్టుకు చూపించాడు. ఒక దెబ్బ కొట్టి, చోటు మార్చి, మళ్ళీ దాక్కున్నాడు. ఆ ఆట వాళ్ళు ఓడిపోయారు. కాని జట్టులో ఆఖరుదాకా నిలిచినవాడు మనవాడే.

"జట్టు పెద్ద ఏమన్నాడురా?" అని అడిగాను.

"రేపు కూడా ముందు నన్నే వెళ్ళి చూడమన్నాడు, తాతయ్యా!"

పెద్ద మెక్‌ మాట వాడు మళ్ళీ ఎత్తలేదు. తండ్రితో కలిసి కల్లంలో కాయలు ఎత్తటానికి వెళ్ళిపోయాడు.

పిల్లలూ, మీకొక లెక్క. ఆ మిడతే 100 మీటర్ల దూరంలో తిరిగితే ఒక చుట్టుకు ఎన్ని సెకన్లు పడుతుంది? సుద్దముక్క తీసుకుని వేసి చూడండి.