నడుముకు ఎవరి కొలత?

"సన్నగానే ఉన్నాగా, నాకు షుగరేమిటి?" అనుకునేవాళ్ళు మనలో చాలామందే. నడుము చుట్టుకొలత, బీపీ, పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్... ఈ ఐదింటిలో మూడు గీత తప్పితే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు డాక్టర్లు. షుగరు జబ్బుకీ గుండెజబ్బుకీ ముందస్తు కబురన్నమాట.

సరే, ఆ గీత ఎవర్ని చూసి గీశారు? 2001లో అమెరికా నిపుణులు ఆడవాళ్ళ నడుముకు పెట్టిన హద్దు 88 సెంటీమీటర్లు. మనకది 80 మాత్రమే! ఒళ్ళు లావెక్కకుండానే పొట్టలో కొవ్వు చేరడం మనవాళ్ళ తత్వం. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్‌ల ఎత్తు-బరువు లెక్క ఒక్కటే. కానీ 2004లో ప్రకటించిన పోలికలో యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21!

ఇంకో తిరకాసుంది. షుగరు 101 ఉన్నామెనీ 180 ఉన్నామెనీ ఒకే గాటన కట్టేస్తుందీ లెక్క. అందుకే 2014లో గుర్కా, డీబోర్ అనే అమెరికా పరిశోధకులు తీవ్రతకు మార్కులేసే పద్ధతి తెచ్చారు. తెల్లవారికి, నల్లవారికి, హిస్పానిక్‌లకు, ఆడా మగా వేర్వేరుగా. అందులో మనం లేం.

అసలు మన జిల్లాలోనే అందరూ ఒకటా? నిజామాబాద్‌లో పొద్దంతా చాట ముందు కూర్చుని బీడీలు చుట్టే ఆవిడ వేరు, బోధన్ పొలాల్లో వంగి పనిచేసే కూలీ వేరు, 2015లో నిజాం షుగర్స్ మూతపడ్డాక బతుకుతెరువు మారిన ఇళ్ళ ఆడవాళ్ళు వేరు.

ముప్పై దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో నడుముకూ మార్కులున్నాయి. ఆడవాళ్ళకు 80 దాకా సున్న, 90 దాకా ఒకటి, ఆపైన రెండు. వ్యాయామం సంగతీ అడుగుతారు. "పొద్దంతా పనేగా" అనేయకండి. బీడీలు చుట్టడం కూర్చుని చేసే పనే!