యాప్ చేసినవాడు అడుగుతున్నాడు.. మనం చెబుతున్నామా?

దుబాయ్‌లో ఎండాకాలం స్లాబుల కాంక్రీటు ఎక్కువగా రాత్రిపూటే పోస్తాం. పగలు పోస్తే ఆ వేడికి తొందరగా బిగుసుకుని పగుళ్లు వస్తాయి. పోయిన ఎండాకాలం అట్లాంటి ఒక రాత్రి డ్యూటీ ముగించుకొని క్యాంపు బస్సు కోసం నిలబడి ఉంటే, జగిత్యాల వైపు స్టీల్ ఫిక్సర్ ఒకాయన ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గీ యాప్ల నా ఓటీ సున్నా అని చూపెడుతున్నది. నేను లెక్క తప్పిన్నా, ఇదే తప్పిందా?" అని అడిగాడు.

అది కంపెనీ యాప్ కాదు. రోజూ ఎన్ని గంటలు పని చేశామో మనకు మనం రాసుకునే చిన్న యాప్. ఎవరో ఒక కుర్రాడు ఒక్కడే తయారుచేసి ప్లే స్టోర్‌లో పెట్టాడు. బస్సులో కూర్చుని ఇద్దరం లెక్క చూశాం. ఆయన సాయంత్రం 5 నుంచి తెల్లవారుజామున 4 దాకా పని చేశాడు. గంట బ్రేక్ తీసేస్తే 10 గంటలు. అంటే 2 గంటలు ఓటీ రావాలి. యాప్ ఏం చేస్తోందంటే, రాత్రి 12 కొట్టగానే రోజు మార్చేస్తోంది. ఒకే డ్యూటీని రెండు ముక్కలు చేసి రెండు తారీఖుల కింద వేస్తోంది. ఏ ముక్కా 8 గంటలు దాటదు కాబట్టి ఓటీ సున్నా!

ఇది చిన్న విషయం కాదు. యూఏఈ కార్మిక చట్టం (2021లో వచ్చిన 33వ నంబరు డిక్రీ) ప్రకారం ఓటీకి బేసిక్ జీతం మీద 25 శాతం కలిపి ఇవ్వాలి. ఆ గంటలు రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య పడితే 50 శాతం కలపాలి. షిఫ్టుల పద్ధతిలో పని చేసేవాళ్లకు మాత్రం ఈ రాత్రి లెక్క వర్తించదు. బేసిక్ 1000 దిర్హాములు ఉన్న మనిషికి గంటకు సుమారు 4 దిర్హాముల 17 ఫిల్సు పడుతుంది. రాత్రి ఓటీ అయితే అది 6 దిర్హాముల 25 ఫిల్సు. నెలలో 15 రాత్రులు, రాత్రికి 2 గంటల చొప్పున వేసుకుంటే 187 దిర్హాముల పైమాట. మన చేతిలో ఉన్న లెక్కే సున్నా అని చూపిస్తే, కంపెనీ టైమ్‌షీట్‌లో తగ్గినా అడగడానికి నోరు రాదు.

ఆ యాప్‌లో ఒక మూలకు 'మీ అభిప్రాయం పంపండి' అని ఈమెయిలు ఇచ్చి ఉంది. నాకొచ్చిన ఇంగ్లిషులో నాలుగు ముక్కలు రాసి, రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాను. మర్నాడే జవాబు వచ్చింది. అర్ధరాత్రి దాటే డ్యూటీ ఉంటుందన్న ఆలోచనే తనకు రాలేదని ఒప్పుకున్నాడు. పది పన్నెండు రోజుల్లో సరిచేసి కొత్త వెర్షన్ పెట్టాడు. మాకంటే ముందు ఆ యాప్ ఎంతమంది వాడారో, వాళ్లలో ఎంతమంది ఓటీ ఇట్లాగే సున్నా అయిందో! ఒక్కరూ ఆ ఈమెయిలుకు ఈ సంగతి రాయలేదు. ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే.

ఒక్కడితో మొదలైనవే

సాఫ్ట్‌వేర్ అంటే మనకు పెద్ద పెద్ద కంపెనీలే గుర్తొస్తాయి. కానీ మన చేతిలో ఉన్నవాటిలో చాలా వరకు ఒకరిద్దరు మనుషులతో మొదలైనవే. 1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇంటర్నెట్‌లో ఒక సందేశం పెట్టాడు. సరదాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తున్నానని, అది పెద్దదేమీ కాదని, అందులో ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పమని దాని సారాంశం. అప్పటికి ఆయన వయసు 21. అదే తర్వాత లినక్స్ అయింది. ఇప్పుడు మనం వాడే ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది ఆ లినక్స్ కెర్నలే.

వాట్సాప్ సంగతీ అంతే. దాన్ని 2009లో మొదలుపెట్టిన జాన్ కూమ్ ఉక్రెయిన్ నుంచి 16 ఏళ్ల వయసులో తల్లితో అమెరికా వచ్చి, కిరాణా దుకాణంలో నేల ఊడ్చిన మనిషి. మొదట్లో వాట్సాప్ సందేశాలు పంపుకొనే యాప్ కాదు. 'పనిలో ఉన్నాను', 'బ్యాటరీ అయిపోతోంది' లాంటి స్టేటస్ పెట్టుకోవడానికి చేశాడు. అదే ఏడాది ఐఫోన్‌లో నోటిఫికేషన్లు వచ్చాక, స్టేటస్ మార్చినప్పుడల్లా స్నేహితులకు తెలిసిపోయేది. జనం దాంతోనే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూమ్ అది గమనించి యాప్‌నే ఆ దారిలోకి మార్చేశాడు. రోజూ ఇంటికి మనం పంపే వాయిస్ మెసేజీ వెనక ఆ తొలినాటి వాడకందారుల చేయి కూడా ఉంది.

మన భాషలోనూ ఇట్లాంటివి ఉన్నాయి. 2000ల దశకంలో వీవెన్ తయారుచేసి పెట్టిన 'లేఖిని' గుర్తుందా? తెలుగు కీబోర్డు లేని కంప్యూటర్ మీద ఇంగ్లిషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. పరదేశంలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని తెలుగులో ఉత్తరం రాసుకోవడం దాంతో వీలైంది.

ఇప్పుడు ఇంతమంది ఎందుకొచ్చారు?

ఇంతకుముందు యాప్ చేయాలంటే కోడింగ్ నేర్చుకోవాలి, నెలల తరబడి కూర్చోవాలి. ఇప్పుడు ఏఐకి మామూలు మాటల్లో చెబితే అదే కోడ్ రాసి ఇస్తోంది. దీనికి 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పాతీ అనే ఏఐ నిపుణుడు 'వైబ్ కోడింగ్' అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడింది. ప్లే స్టోర్‌లో ఖాతా తెరవడానికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్‌కైతే ఏడాదికి 99 డాలర్లు. అంటే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని ఎవరైనా ఒక యాప్ చేసి పెట్టేయొచ్చు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఒక షరతు పెట్టింది. యాప్‌ను జనంలోకి వదిలే ముందు కనీసం 20 మంది చేత వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కి తగ్గించారు. ఒంటరిగా పని చేసేవాడికి 12 మందిని తేవడం కూడా కష్టమే. అందుకే 'నా యాప్ చూడండి, ఏం బాగాలేదో చెప్పండి' అని కనబడ్డవాళ్లనల్లా బతిమాలుతున్నారు. చాలామంది ఒకరికొకరు ఒప్పందం చేసుకుంటారు. నువ్వు నాది వాడు, నేను నీది వాడతా అని.

మన సైట్ భాషలో చెప్పాలంటే ఇది క్యూబ్ టెస్టు లాంటిది. స్లాబు పోసిన రోజు అదే కాంక్రీటుతో క్యూబులు నింపి, 7 రోజులకు, 28 రోజులకు ల్యాబ్‌లో నొక్కి చూస్తారు. ఎవడైనా తెలివి మీరి క్యూబుల కోసం విడిగా మంచి మిక్సు కలిపి నింపితే ఏమవుతుంది? కాగితం మీద టెస్టు పాస్. స్లాబు మాత్రం దేవుడి దయ. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లే ఒకరిది ఒకరు పరీక్షించుకుంటే జరిగేదీ అదే. ఆ పన్నెండు మందీ ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్లే అయినప్పుడు రాత్రి 12 దాటే డ్యూటీ, సిగ్నల్ లేని బేస్‌మెంటు, సిమెంటు చేతులతో తడిమే పగిలిన స్క్రీను, ఇంగ్లిషు రాని మనిషి.. ఇవేవీ ఆ పరీక్షలోకి రావు.

కొనేవాడు ఒకడు, వాడేవాడు ఒకడు

కంపెనీలు తెచ్చే సాఫ్ట్‌వేర్‌తో మన తంటాలు వేరు. నేను గతంలో పని చేసిన ఒక కంపెనీలో హాజరుకు ఫోన్ యాప్ పెట్టారు. సైట్ హద్దులోకి వచ్చాకే పంచ్ పడుతుంది. మేం దిగే పని రెండో బేస్‌మెంటులో. అక్కడ జీపీఎస్ అందదు. మా వాళ్లు పైకి ఎక్కి పంచ్ చేసి మళ్లీ దిగేవారు. అందులో పోయిన టైమ్‌కు లెక్క లేదు. ఎవరికి చెప్పాలో కూడా తెలియదు. ఎందుకంటే దాన్ని కొన్నది హెడ్ ఆఫీసు. తయారుచేసినవాడు ఎవరి మాట వింటాడు? డబ్బు కట్టినవాడి మాటే.

ఒక్కడే చేసే చిన్న యాప్‌కు ఈ మధ్యవర్తి లేడు. మన రివ్యూ తిన్నగా ఆ మనిషి కళ్లబడుతుంది. వంద మంది కూడా వాడని యాప్‌కు మనం రాసే నాలుగు వాక్యాలే ఆధారం. కోడ్ రాయడం ఏఐ నేర్చింది కానీ, మన పని ఎట్లా జరుగుతుందో మనం చెబితేనే కదా దానికైనా తెలిసేది. ఈ రోజుల్లో దొరకని సరుకు ఆ తెలివిడే. అది మన దగ్గర ఉంది.

ఊరికే ఎందుకు చెప్పాలి?

ఇట్లా అంటే మా రూమ్‌లో ఒక తమ్ముడు వెంటనే అడిగాడు. "మనం చెప్తాం, వాడు కోట్లు సంపాదిస్తడు. మనకేం వస్తది అన్నా?" న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ 19 వందల కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. దాన్ని వాడి దారి చూపిన జనానికి అందులో ఒక్క డాలరూ రాలేదు.

అయినా నా లెక్క వేరు. ఇట్లాంటి చిన్న యాప్‌లలో ఎక్కువ భాగం ఎప్పటికీ కోట్లు చూడవు. చాలావాటిని కొన్నాళ్లకు చేసినవాడే వదిలేస్తాడు. మనం చెప్పేది వాడి కోసం కాదు, మన ఓటీ కోసం. అందుకే చెప్పేటప్పుడే మనకు కావాల్సినవి కూడా అడగాలి. తెలుగులో పెట్టమనాలి. నెట్ లేకపోయినా పని చేయాలనాలి. మన లెక్క మొత్తం ఒక ఫైలుగా తీసుకొనే వీలు ఇమ్మనాలి. రేపు ఆ యాప్ మూతపడినా మన గంటలు మన దగ్గరే ఉంటాయి.

మోసం కూడా ఇదే వేషంలో వస్తుంది

ఒక హెచ్చరిక. 'కొత్త యాప్, వాడి చూడండి' అని వచ్చే ప్రతిదీ మంచిది కాదు. 2020లో అప్పుల యాప్‌ల వేధింపులకు మన తెలంగాణలోనే ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ డిసెంబరులో హైదరాబాద్‌లో పోలీసులు అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు మొదట అడిగింది ఫోన్‌లోని కాంటాక్టులు చూడనివ్వమని. తర్వాత ఆ నంబర్లకే ఫోన్లు చేసి పరువు తీశారు. ఇప్పుడు వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్నారు.

గుర్తు ఒక్కటే. గంటలు రాసుకొనే యాప్‌కు మన కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, ఫొటోలతో పని లేదు. అడిగితే తీసేయండి. నిజంగా అభిప్రాయం కోరేవాడు ఓటీపీ అడగడు, బ్యాంకు కార్డు అడగడు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కొద్దు, స్టోర్‌లోంచే దించుకోండి.

ఎట్లా చెప్పాలి?

'బాగుంది', 'వేస్ట్ యాప్' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బిల్డింగ్ అప్పగించే ముందు స్నాగ్ లిస్టు ఎట్లా రాస్తాం? 'గోడ బాగాలేదు' అని రాయం కదా. ఏ అంతస్తు, ఏ గది, ఏ మూల, ఏం లోపం.. అన్నీ రాస్తాం. ఇక్కడా అంతే. ఏ ఫోన్ వాడుతున్నారు, ఏం నొక్కారు, ఏం వస్తుందనుకున్నారు, ఏం వచ్చింది. ఈ నాలుగూ రాస్తే చాలు. ఇంగ్లిషు రాకపోతే తెలుగులోనే రాయండి. అనువాదం చేసుకొనే సౌకర్యం వాళ్ల ఫోన్లోనూ ఉంది. స్క్రీన్‌షాట్ పంపే ముందు పేరు, ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు నంబర్లు కనబడకుండా చూసుకోండి.

ఎంత మంచి యాప్ అయినా మన జేబులో చిన్న నోటుబుక్కు మానొద్దు. ఆ స్టీల్ ఫిక్సర్‌కు ఆ నెల టైమ్‌షీట్‌లో మూడు రాత్రుల ఓటీ ఎక్కలేదు. యాప్‌ను నమ్మి ఊరుకుంటే అది పోయేదే. ఆయన నోటుబుక్కులో తారీఖు, టైము రాసి పెట్టుకున్నాడు కాబట్టి టైమ్‌కీపర్ దగ్గరికి ఇద్దరం వెళ్లి చూపించాం. సరిచేశారు. ఆరు గంటలకు 37 దిర్హాముల 50 ఫిల్సు. మొత్తం చిన్నదే కావొచ్చు. రాత్రంతా ఇనుము కట్టిన చేతుల డబ్బు అది.

ఇప్పుడు ఆ యాప్ అర్ధరాత్రి దాటినా డ్యూటీని ముక్కలు చేయడం లేదు. మా గ్యాంగులో పదకొండు మంది వాడుతున్నారు. మొన్న అదే కుర్రాడు మళ్లీ అడిగాడు, ఇంకా ఏం మార్చాలో చెప్పమని. ఈసారి మెయిలు నేను రాయలేదు. ఆ స్టీల్ ఫిక్సరే తెలుగులో రాసి పంపాడు.