రాలేదని రుజువు చేయాలట!
మా పక్కింటి పిన్నిగారి ఫోన్లో ‘డెలివరీ అయింది’ అని మెసేజ్. కింద ఫొటోలో ఎవరిదో నీలం గేటు, దాని ముందు పార్శిల్. ఆవిడ ఇంటికసలు గేటే లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, అందలేదనడానికి రుజువేమిటని అడిగారట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. రాని వస్తువు రాలేదని ఎవరైనా ఎలా చూపిస్తారు? ఓటీపీ, జీపీఎస్, డెలివరీ కుర్రాడు తిరిగిన దారి, అన్నీ కంపెనీ గుప్పిట్లోనే ఉంటాయి. ఇచ్చామని నిరూపించాల్సిందీ వాళ్లే. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలన్నాయి, నెలలోగా తేల్చాలన్నాయి. రుజువు భారం కంపెనీదేనన్న ఒక్క వాక్యం వాటిలో చేర్చి తీరాలి. ఈలోగా డబ్బు పోయినవాళ్లు ఊరుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వేయొచ్చు.