ములుగు కంపం ఎంత లోతున పుట్టింది?

2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కు ములుగు జిల్లాలో పుట్టిన భూకంపం వరంగల్, హనుమకొండలను కుదిపి హైదరాబాద్ దాకా తెలిసింది. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లని జాతీయ భూకంప అధ్యయన కేంద్రం ప్రకటించింది. ఆ చోటును పట్టుకున్న లెక్క కష్టమైనదేమీ కాదు. ముందుగా వచ్చే పి తరంగం రాతిలో సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు సాగుతుంది. కంపం పుట్టిన చోటికి వరంగల్ సుమారు 85 కిలోమీటర్లు, హైదరాబాద్ 210కి పైన. కాబట్టి వరంగల్ అదిరిన 20 సెకన్లకు గానీ హైదరాబాద్ అదరదు. ఆ తేడా ఒక్కటి తెలిస్తే భూకంప కేంద్రం ఫలానా వక్రరేఖ మీద ఉందని తేలుతుంది. మూడో స్టేషన్ సమయం చేరితే మరో రేఖ దాన్ని ఖండిస్తుంది. కంపం ఎప్పుడు మొదలైందో ముందే తెలియనక్కర్లేదు, స్టేషన్ల గడియారాలు కలిసి నడిస్తే చాలు.

చిక్కంతా లోతు దగ్గరే. తరంగం సూటిగా వస్తుందనుకుని చూద్దాం. మూలం 10 కిలోమీటర్ల లోతున ఉన్నా 40 కిలోమీటర్ల లోతున ఉన్నా హైదరాబాద్‌కు చేరే సమయంలో తేడా అర సెకను పైచిలుకే. రాతిలో వేగాన్ని నూటికి రెండు పాళ్లు తప్పుగా అంచనా వేసినా అంత తేడా వచ్చేస్తుంది. అదే, కేంద్రానికి 40 కిలోమీటర్ల లోపే ఉన్న పాలంపేటలో, రామప్ప గుడి పక్కన యంత్రం పెడితే ఆ తేడా రెండున్నర సెకన్లు దాటుతుంది. అంత తేడా ఏ పొరపాటులోనూ కలిసిపోదు. ఈ లోతు పండితుల ముచ్చట మాత్రమే కాదు. జలాశయాల బరువు వల్ల వచ్చే కంపాలు, 1967లో మహారాష్ట్రలోని కొయ్నాలో వచ్చినదానిలా, సాధారణంగా పైపొరల్లోనే పుడతాయి. బొగ్గు గనుల కంపాలు ఇంకా పైన. గోదావరి లోయలో జలాశయాలు, గనులు రెండూ ఉన్నాయి. కారణం మనిషిదా, పాత పగులుదా అన్న ప్రశ్నకు జవాబు ముందుగా లోతులోనే వెతకాలి.

1969లో భద్రాచలం దగ్గర, మళ్లీ 55 ఏళ్లకు ఇక్కడ; ఇంత అరుదైన దానికోసం దగ్గర్లో యంత్రాలు పెట్టే ఖర్చెందుకని అడగవచ్చు. అరుదు గనకే, వచ్చిన ఒక్కటీ చేజారితే మరో తరం దాకా ఆధారం దొరకదు. దూరపు రికార్డుల తరంగ రూపాన్ని బట్టి కూడా లోతు చెప్పవచ్చన్నది బలమైన వాదనే, పెద్ద కంపాలకు అది నిజం కూడా. కానీ పగులు ఎటు సాగిందో గీసి చూపేవి వెనకాల వచ్చే చిన్నచిన్న ప్రకంపనలు. అవి హైదరాబాద్ చేరేలోపే అణగిపోతాయి. అందుకే ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి చుట్టూ శాశ్వత స్టేషన్లు దగ్గరదగ్గరగా ఉండాలి. వాటి రికార్డులు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)తో పాటు వరంగల్ ఎన్‌ఐటీ ఇంజినీర్లకూ అందాలి.