మొదటి ఆట మోజు - చిట్టీ పైసలు!

సినిమాలు చూడొద్దని చెప్పడానికి కాదు ఈ వారం కబురు. అలా చెబితే ఈ శీర్షిక చదివేదెవరు?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు డ్యూటీ చేసే ఒక మిత్రుడి ఇంటి ముచ్చట ఇది. వాళ్ళబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. చిట్టీ కట్టి రమ్మని తల్లి ఇచ్చిన మూడు వేలూ అభిమాన హీరో సినిమా విడుదల రోజున హారతి కర్పూరమైపోయాయి! నలుగురు స్నేహితులకు టిక్కెట్లు, ఇంటర్వెల్లో తిండి... ఇంకేం!

తండ్రి కొట్టలేదు. నైట్ షిఫ్టు నుంచి వచ్చి, జీతం చీటీ తీసి ముందు పెట్టాడు.

"చదువు బిడ్డా."

పి.ఎఫ్. కింద 12 శాతం, ఇ.ఎస్.ఐ. కింద 0.75 శాతం కోత. మిగిలిన దాంట్లోనే ఇంటి కిరాయి, కిరాణా, కాలేజీ ఫీజు, చిట్టీ...

"గింతేనా నాయినా మిగిలేది?"

"గంతే. నువ్వు ఒక్క పూటల ఖర్చు జేసింది నా నాలుగు నైట్ డ్యూటీలు."

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. ఇక నుంచి నెలకు రెండు వేలు అబ్బాయి చేతికే ఇస్తాడు. బస్సు, రీచార్జి, టిఫిన్, సినిమా అన్నీ అందులోనే. ఒకటో తారీఖునే మూడొందలు తల్లి బాకీకి జమ. ముందు అప్పు, తర్వాతే సోకు!

మొదటి నెల 12వ తేదీకే జేబు ఖాళీ. తల్లి చాటుగా వంద ఇవ్వబోతే తండ్రి వారించాడు. ఇక్కడే చాలామంది పెద్దవాళ్ళు ఓడిపోతారు సుమా! మూడో నెలాఖరుకు నూట ఎనభై మిగిలాయి. వాటిని ఖాతాలో వేశాడు. పదేళ్ళు దాటిన పిల్లలు తమ పేరనే సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2014లోనే అనుమతించింది. పరిమితులు మాత్రం బ్యాంకులవే.

'మహానటి' చూసి కళ్ళు తుడుచుకున్నారు కదూ? అంతటి సావిత్రి గారే 1971లో తమిళ 'ప్రాప్తం' తీసి నష్టపోయారు. సంపాదన ఒక విద్య, నిలుపుకోవడం మరో విద్య.

మొన్న ఆ అబ్బాయి సొంత డబ్బుతో, ఒక్కడే, రెండో వారంలో ఓ సినిమా చూసొచ్చాడు. "ఎట్లుంది?" అన్నాను.

"సెకండాఫ్ సాగదీసిండ్రు అంకుల్... నా పైసలు గదా, తెలుస్తది!"