రాజా భోజనం డబ్బా



క్రిందటి వేసవిలో ఒక సాయంత్రం మా ఎదురింటి అమ్మాయి పరుగెత్తుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. ఆ అమ్మాయి ఏడో తరగతి చదువుతున్నది.

"మాస్టారూ! మా రాజా మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడిపోయాడు. ఒకటే రొప్పుతున్నాడు. మీరొకసారి రండి!" అన్నది.

రాజా అంటే వాళ్ళ కుక్క. లాబ్రడార్ జాతిది. అయిదేళ్ళ వయసు. బాగా బొద్దుగా ఉంటాడు గనక వీధిలో పిల్లలందరికీ వాడంటే ముద్దు. నేను వెళ్ళేసరికి నాలుక వేలాడేసుకుని, కళ్ళు తేలేసి మెట్టు మీద పడి ఉన్నాడు. నలుగురం కలిసి నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, ఫాను పెట్టాం. ఒక గంటకు తేరుకుని తోక ఆడించాడు. అప్పటిదాకా ఆ అమ్మాయి ఏడుపు ఆపలేదు.

రాజాకు అంత ఆయాసం ఎందుకు వచ్చిందో తెలుసునా? మనకు ఎండలో ఒళ్ళంతా చెమట పడుతుంది. ఆ చెమట ఆరేటప్పుడు ఒంటిలోని వేడిని తనతో తీసుకుపోతుంది. కొత్తకుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇందుచేతనే. కాని కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగున మాత్రమే. అందుచేత అది నోరు తెరిచి, గబగబా ఊపిరి తీసి, నాలుక మీది తడి ఆరేటట్టు చేసుకుని చల్లబడుతుంది. ఒంట్లో కొవ్వు పెరిగిందనుకోండి. చర్మం కింద ఆ కొవ్వు దుప్పటిలా పరుచుకుని వేడిని బయటికి పోనివ్వదు. మే నెలలో దుప్పటి కప్పుకుని మెట్లెక్కి చూడండి, రాజా అవస్థ మీకే తెలుస్తుంది!

మర్నాడు రాజాను పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరుగారు రక్తం పరీక్ష చేయించారు. కొన్ని కుక్కలకు థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యక ఒళ్ళు వస్తుంది. రాజాకు అలాంటి జబ్బేమీ లేదు. తక్కెడ మీద నిలబెడితే 38 కిలోలు తూగాడు. వాడి ఎముకల తీరుకు 30 కిలోలు ఉంటే చాలునట. అంటే ఎనిమిది కిలోల బియ్యం మూట వీపున కట్టుకుని రాత్రీ పగలూ తిరుగుతున్నాడన్న మాట!

"ఏం పెడుతున్నారు?" అని డాక్టరుగారు అడిగారు.

"రెండు పూటలా ఒక్కొక్క గిన్నె డాగ్‌ఫుడ్డండీ, అంతే," అన్నది అమ్మాయి.

నాకు బడిలో ముప్ఫయి ఏళ్ళు "అంతే" అనే మాట వినడం అలవాటు. ఇంటికి వచ్చాక ఆ అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, "అమ్మాయీ, రేపు పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరు ఏది పెట్టినా ఇందులో రాయి. ఎవరినీ ఏమీ అనవద్దు. ఊరికే రాయి," అని చెప్పాను.

ఆ పుస్తకంలో గిన్నె భోజనం కాక ఇంకా ఏమేమి ఉన్నవో చూడండి. నాన్నగారు కాఫీ తాగుతూ నాలుగు మారీ బిస్కెట్లు. బడినుంచి వచ్చాక అమ్మాయి తన పళ్ళెంలోంచి ఒక ఇడ్లీ. రాత్రి అమ్మ ఒక చపాతీ. బామ్మ రెండు ముద్దలు పెరుగన్నం.

ఆహారంలో ఉండే శక్తిని కేలరీలలో కొలుస్తారని మీరు సైన్సు పాఠంలో చదివే ఉంటారు. ఇక లెక్క చేద్దాం. బిస్కెట్లు సుమారు 100, ఇడ్లీ 50, చపాతీ 100, పెరుగన్నం 100. మొత్తం 350 కేలరీలు. రాజా చిక్కాలంటే రోజు మొత్తానికి 900 కేలరీలు మించరాదని డాక్టరుగారు లెక్క కట్టారు. అందులో మూడో వంతు కంటే ఎక్కువ ఈ చిరుతిళ్ళకే సరిపోయింది! పైగా గిన్నె భోజనం కొలత లేకుండా కంటి అంచనాతో పోస్తున్నారు. ఆ ఇంట్లో ఎవరూ ఎక్కువ పెట్టలేదు. ప్రతివారూ కొంచెమే పెట్టారు. కాని పెట్టే చేతులు నాలుగు, తినే నోరు ఒకటి.

ఇది విని బామ్మగారి మొహం చిన్నబోయింది. "వాడు నా కాళ్ళ దగ్గర కూచుని నా మొహంకేసి చూస్తూ ఉంటే నేను ముద్ద ఎలా మింగను, మాస్టారూ? ఆకలితో చూసేవాడికి పెట్టకుండా తినడం మహాపాపం," అన్నది.

బామ్మగారి మాట కొట్టెయ్యదగినది కాదు. లాబ్రడార్లకు ఆకలి ఎక్కువే. వీటి పూర్వులు కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలర్ల వెంట ఉండి, చల్లటి నీళ్ళలో దూకి వలలు లాగి తెచ్చేవి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వీటిని పరీక్షించి, సుమారు ప్రతి నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఒక జన్యువులో చిన్న ముక్క లోపించి ఉన్నదని 2016లో ప్రకటించారు. కడుపు నిండాక "ఇక చాలు" అనే కబురు మెదడుకు అందడంలో ఆ జన్యువుకు పని ఉన్నది. అలాంటి కుక్కలకు రెండు భోజనాల మధ్య ఆకలి ఎక్కువ వేస్తుందనీ, ఊరికే ఉన్నప్పుడు వాటి ఒంట్లో ఖర్చయ్యే శక్తి నాలుగో వంతు తక్కువనీ 2024లో తేలింది. కాబట్టి లాబ్రడార్‌ను "తిండిపోతు" అని తిట్టకండి. అది దాని తప్పు కాదు. అయితే ఆకలి దాని చేతిలో లేకపోయినా, డబ్బా మూత మన చేతిలోనే ఉన్నదిగదా!

మరి బామ్మగారికి ఏం చెప్పాలి? పెట్టవద్దని చెబితే ఆమె చాటుగా పెడుతుంది. చాటుగా పెట్టినది లెక్కకు రాదు. అందుచేత డాక్టరుగారు ఒక మంచి ఉపాయం చెప్పారు. ఒళ్ళు తగ్గే కుక్కలకు తగిన ఆహారం ఏదో రాసి ఇచ్చి, "పొద్దున్నే వంటింటి తూకం మీద పెట్టి, రోజు మొత్తానికి సరిపడే 250 గ్రాములూ ఒకే డబ్బాలో పొయ్యండి. ఎవరు పెట్టినా, ఎప్పుడు పెట్టినా, ఆ డబ్బాలోంచే తీసి పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు భోజనం అయిపోయినట్టే," అన్నారు.

చూశారా? నాన్నగారు కాఫీ వేళ నాలుగు గింజలు పెట్టవచ్చు. బామ్మగారు తన భోజనం వేళ గుప్పెడు గింజలు ఒక్కొక్కటే నోటికి అందించవచ్చు. ఎవరి ప్రేమా తగ్గలేదు. రాజాకు బామ్మ చెయ్యి కావాలిగాని, అందులో ఏమున్నదో వాడికి అంత పట్టింపు లేదు. ఇంకా అడిగితే ఉడికించిన బీన్సు, కారెట్టు ముక్కలు కాసిని పెట్టమన్నారు.

డాక్టరుగారు మరికొన్ని జాగ్రత్తలు కూడా చెప్పారు. ఒక్కసారిగా కడుపు మాడ్చరాదు. వారానికి ఉన్న బరువులో నూటికి ఒకటి, మహా అయితే రెండు పాళ్ళు తగ్గితే చాలు. మామూలు భోజనాన్నే సగం చేసి పెడితే ఒంటికి కావలసిన మాంసకృత్తులూ, విటమినులూ కూడా సగమైపోతాయి. నడకకు పొద్దెక్కకముందే వెళ్ళాలి, మొదట పది నిమిషాలు మాత్రమే. రోడ్డు మీద మీ అరచేతి వెనుక భాగం ఆనించి చూడండి. మీకు కాలితే కుక్క పాదాలకూ కాలుతుంది. ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాకొలెట్, ఉల్లిపాయ కుక్కలకు విషం. సాంబారులో ముంచిన ఇడ్లీ కూడా అందుకే పనికిరాదు.

పదిహేను రోజులకొకసారి తూకం. మొదటి నెలలో ఒకటిన్నర కిలోలు తగ్గాడు. రెండో నెలలో ఇంకొక కిలో. మూడో నెల వచ్చేసరికి బరువు కదలలేదు! పదిహేను రోజులు చూశారు, నెల చూశారు. 35 కిలోల 500 గ్రాముల దగ్గర ముల్లు నిలిచిపోయింది. ఆ ఇంట్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు.

ఒకరోజు సాయంత్రం అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డది. నేను పేపరు చదువుకుంటున్నాను. రాజా నా కుర్చీ పక్కనే కూచుని ఉన్నాడు.

"మాస్టారూ, మీరు గాని రాజాకి ఏమన్నా పెడుతున్నారా?" అని మెల్లిగా అడిగింది.

పిల్లలూ, నిజం చెబుతాను. నా చేతిలో అప్పుడు బిస్కెట్టు ఉన్నది. రోజూ సాయంత్రం వాడు గేటు దగ్గరికి వస్తే మూడో, నాలుగో పెట్టేవాడిని. "వాళ్ళింట్లో కదా లెక్క" అనుకున్నానేగాని, కడుపు అదే కడుపని నాకు తట్టలేదు. లెక్క నేర్పినవాడే లెక్క తప్పించాడు! ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. పుస్తకంలో నా పేరు కూడా ఒక వరసగా గీసి, మర్నాడు చిన్న సీసాలో డబ్బాలోంచి తీసిన ఇరవై గింజలు తెచ్చి ఇచ్చింది. "ఇవి మీ వాటా," అన్నది. ఆ వారంనుంచే ముల్లు మళ్ళీ కదిలింది.

డిసెంబరులో రాజా 30 కిలోల 500 గ్రాములు తూగాడు. ఇప్పుడు మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి, పైనుంచి మనకేసి చూస్తాడు.

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అనవచ్చు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జంటలుగా చేసి, ఒకదానికి పెట్టినదానికంటే రెండోదానికి నాలుగో వంతు తక్కువ పెడుతూ, వాటి జీవితమంతా గమనించారు. ఆ ఫలితాలు 2002లో వెలువడ్డవి. ఎక్కువ తిన్న కుక్కల ఆయుష్షు నడిమి లెక్కన 11 సంవత్సరాల 2 నెలలు దాటి ఉంటే, తక్కువ తిన్నవాటిది 13 సంవత్సరాలు. కీళ్ళ నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చినవి. దాదాపు రెండేళ్ళ తేడా! ఏడో తరగతి పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చేటంత కాలం. అన్ని సాయంత్రాలు మీ కుక్క గేటు దగ్గర మీకోసం ఎదురు చూస్తుంది. ఇంతకన్న మంచి చిరుతిండి దానికి మీరేం పెట్టగలరు?

ఇక ఈ నెల మీకు ఒక పని. ముందు మీ పిడికిలి బిగించి, వేళ్ళ కణుపుల మీద రెండో చేతి వేళ్ళు ఆడించండి. ఎముకలు పొడుచుకు వచ్చినట్టు తగులుతాయి. తరవాత చెయ్యి చాపి, అదే చోట తడమండి. పలచటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి. ఇప్పుడు చెయ్యి తిప్పి, బొటనవేలి కింద మెత్తటి చోట నొక్కండి. ఎముక తెలియదు. మీ కుక్క పక్కటెముకలు పిడికిలిలా తగిలితే మరీ చిక్కిపోయినట్టు. చాపిన చేతిలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు. మెత్తటి చోటులా ఉండి ఎముకలు తెలియకపోతే ఒళ్ళు ఎక్కువైనట్టు. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి కూడా. చిన్న కుక్క అయితే బరువు మీరే చూడవచ్చు. కుక్కను ఎత్తుకుని ఒకసారి, మీరొక్కరే ఒకసారి తూకం మీద నిలబడి, తీసివేత చెయ్యండి.

ఒళ్ళు ఎక్కువని తోస్తే ముందు పశువుల డాక్టరుకు చూపించండి. ఆ తరవాత ఒక నోటుపుస్తకం, ఒక డబ్బా సంపాదించండి. పుస్తకంలో ఇంట్లో అందరి పేర్లూ రాయండి. పక్కింటి మాస్టారి పేరు మాత్రం మరిచిపోకండి!